బిడ్డను చూసే దరఖాస్తుకు కూడా గడువు కావాలి

సంపాదకులు గారికి,

విడిపోయిన భార్యాభర్తల పసిపిల్లలు అమ్మ దగ్గర ఎన్ని రోజులు, నాన్న దగ్గర ఎన్ని గంటలు గడపాలో తేల్చడంలో మన కుటుంబ న్యాయస్థానాలు అనుసరిస్తున్న తీరు గురించి ఈ లేఖ రాస్తున్నాను. నేను న్యాయవాదిని కాను. ముప్పై మూడేళ్లు ప్రాథమిక పాఠశాలల్లో పనిచేసి రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. మా అమ్మాయి కాపురం నిలవక బిడ్డతో పుట్టింటికి వచ్చేసింది. ఆ బిడ్డను తండ్రికి చూపించడానికి నెలకు రెండుసార్లు కోర్టుకు ఎత్తుకువెళ్లిన తాతను నేను. పాప మా ఇంట్లోనే పెరుగుతోంది కనుక, తండ్రికి ఇచ్చే సమయం గురించి నేను పట్టించుకోవడం మా బంధువుల్లో కొందరికే నచ్చలేదు. అయినా చూసింది చూసినట్టు రాయాలనిపించింది.

మా అమ్మాయి తిరిగి వచ్చేనాటికి పాపకు పద్నాలుగు నెలలు. మరో రెండు నెలలకు అమ్మాయి విడాకుల కేసు వేసి, దానితోపాటే పాప పోషణ ఖర్చుల కోసం ఒక దరఖాస్తు పెట్టుకుంది. నోటీసు అందుకుని హాజరైన మా అల్లుడు, కేసు తేలేలోగా కూతుర్ని చూడనివ్వమని తానూ ఒక దరఖాస్తు వేశాడు. కేసు మధ్యలో వేసే ఇలాంటి మధ్యంతర దరఖాస్తులను కోర్టులో ఐఏలు అంటారు. పోషణ ఖర్చుల ఐఏ నాలుగు నెలల్లో తేలింది. కూతుర్ని చూసే ఐఏకు పన్నెండు నెలలు పట్టింది. కౌంటరు, అంటే ఆ దరఖాస్తుకు రాతపూర్వక జవాబు, వేయడానికని మా వైపు మూడు వాయిదాలు తీసుకున్నాం. కౌన్సెలింగుకు రెండు వాయిదాలు గడిచాయి. ఒకసారి న్యాయవాదుల విధుల బహిష్కరణ వచ్చింది. అంతలో జడ్జిగారు బదిలీ కావడంతో, కొత్తవారు వచ్చేదాకా ఇన్‌చార్జి జడ్జిగారు మరీ అత్యవసరమైనవి తప్ప వినలేకపోయారు. ఇందులో ఎవరో ఒకరు కావాలని చేసిన తప్పు ఉందని నేను అనను. ఒకవేళ ఉందంటే ముందు నాదే ఉంది. వాయిదా తీసుకుంటే మనకు పోయేదేముందని మా అడ్వకేటు గారితో అన్నది నేనే.

చివరికి ఉత్తర్వు వచ్చేసరికి పాపకు రెండేళ్ల అయిదు నెలలు. ప్రతి నెలా మొదటి, మూడో శనివారాల్లో మధ్యాహ్నం రెండు గంటల నుంచి నాలుగు గంటల వరకు, కోర్టు ఆవరణలోని పిల్లల గదిలో తండ్రి కలవవచ్చని అందులో ఉంది. అది పాప రోజూ నిద్రపోయే వేళ. వరండాలో బెంచీల మీద జనం వరుసగా కూర్చుని పిలుపు కోసం ఎదురుచూస్తుంటే, పాప దాన్ని ఆస్పత్రి అనుకుని, సూది వద్దు తాతయ్యా అంటూ నా మెడను కరుచుకుంది. గదిలో చక్రం ఊడిన మూడు చక్రాల సైకిలు ఒకటి, గోడ మీద వెలిసిపోయిన అక్షరాలు, మరో మూల మరో రెండు కుటుంబాలు. తండ్రి చేతులు చాపితే పాప నా భుజం మీద ముఖం దాచుకుని, అంకుల్ ఎవరు తాతయ్యా అని అడిగింది. పద్నాలుగు నెలలప్పుడు అతని వేలు పట్టుకునే ఆ పిల్ల మొదటి అడుగులు వేసింది. అతని మీద నాకున్న కోపం చిన్నది కాదు. కానీ ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసి వచ్చినప్పుడు, ఆ పన్నెండు నెలల్లో మేమందరం కలిసి ఆ పిల్ల నుంచి ఏం తీసేసుకున్నామో నాకు అర్థమైంది.

పసిపిల్లల విషయంలో కాలం పెద్దల లెక్కకు అందదు. వేసవి సెలవుల తర్వాత బడి తెరిచిన రోజున, ఏడాదంతా నా చేయి వదలని పిల్లలే గుమ్మం దగ్గర సిగ్గుపడి నిలబడటం నేను ఏటా చూశాను. వాళ్లు ఆరేళ్ల పిల్లలు, అది ఏడు వారాల ఎడబాటు. ఏడాదిన్నర వయసున్న బిడ్డకు ఏడాది అంటే అప్పటిదాకా బతికిన బతుకులో మూడింట రెండు వంతులు. నలభై ఏళ్లవారి ఆస్తి తగాదా ఏడాది ఆగితే ఆస్తి ఎక్కడికీ పోదు, గెలిచినవారికి అది చెక్కుచెదరకుండా దక్కుతుంది. బిడ్డ తండ్రిని మరిచిపోయాక వచ్చిన ఉత్తర్వు, ఆ మరుపు మీద నుంచి మళ్లీ మొదలుపెట్టమని చెప్పడం తప్ప ఇంకేమీ చేయలేదు. మధ్యంతర ఉత్తర్వు అనేది కేసు వరకే మధ్యంతరం. అది అమల్లో ఉండే ఆ రెండు మూడేళ్లే బిడ్డ పసితనం కాబట్టి, బిడ్డ మటుకు దాన్నే తుది తీర్పుగా అనుభవిస్తుంది.

ఈ ఆలస్యానికి చట్టంలోనే ఒక మూలం ఉందని ఈ కేసు పుణ్యమా అని పుస్తకాలు తిరగేసినప్పుడు తెలిసింది. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో 26వ సెక్షన్ పిల్లల సంరక్షణ, పోషణ, చదువు అనే మూడింటి మీదా కేసు నడుస్తుండగానే ఉత్తర్వులిచ్చే అధికారాన్ని కోర్టుకు ఇస్తుంది. 2001లో దానికి ఒక నిబంధన చేర్చారు. ప్రతివాదికి నోటీసు అందిన నాటి నుంచి వీలైనంత వరకు 60 రోజుల్లోగా దరఖాస్తును పరిష్కరించాలన్నది ఆ నిబంధన. కానీ అది పోషణకూ, చదువుకూ సంబంధించిన దరఖాస్తులకే వర్తిస్తుంది. సంరక్షణ గురించి గానీ, బిడ్డను చూడటం గురించి గానీ అందులో ఒక్క మాట లేదు. బిడ్డ ఆకలికి గడువు పెట్టిన చట్టసభను నేను తప్పుపట్టను, అది ముందు చేయవలసిన పనే. అయితే అదే సెక్షన్ కింద, అదే బిడ్డ గురించి, అదే కోర్టులో వేసిన రెండు దరఖాస్తుల్లో ఒకదానికి గడువు ఉండి రెండోదానికి లేకపోవడం వల్ల, మా కేసులోలాగా మొదటిది బెంచి మీదికి ముందు వస్తుంది, రెండోది కట్టల అడుగుకు జారిపోతుంది. 60 రోజులన్నది కచ్చితంగా పాటించేవారు తక్కువేనని వకీళ్లు అంటారు. నిజమే కావచ్చు. అయినా గడువంటూ ఒకటి ఉంటే దాన్ని చూపించి అడగడానికైనా వీలుంటుంది.

దిగువ కోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు సరిగా లేదనిపించినా సులువైన దారి లేదు. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టంలోని 19వ సెక్షన్ మధ్యంతర ఉత్తర్వుల మీద అప్పీలును అనుమతించదు. సాధారణంగా రాజ్యాంగంలోని 227వ అధికరణం కింద హైకోర్టులో సివిల్ రివిజన్ పిటిషన్ (సీఆర్‌పీ) వేసుకోవలసి ఉంటుంది. కాకినాడలోనో ఆదిలాబాద్‌లోనో చిరుద్యోగం చేసుకునే మనిషికి అదనపు గంట కోసం అంత దూరం వెళ్లే శక్తి ఎక్కడిది? కాబట్టి మొదటి ఉత్తర్వే చాలామందికి ఆఖరిది. అది తొందరగా రావాలి, ఆలోచించి రాసినదై ఉండాలి.

ఆలోచించి రాయడం అంటే బిడ్డ వయసును చూసి రాయడం అని నా ఉద్దేశం. నెలకు రెండు శనివారాలు, రెండేసి గంటలు అన్న మాట చాలా ఉత్తర్వుల్లో అచ్చుపోసినట్టు ఒకేలా కనిపిస్తుంది. పన్నెండేళ్ల పిల్లవాడికీ అంతే, పాలు మరవని పిల్లకూ అంతే. లెక్క వేస్తే ఏడాదికి 48 గంటలు, అంటే రెండు పగళ్లూ రెండు రాత్రులూ. కోర్టుకు సెలవు వచ్చిన శనివారాలను తీసేస్తే అదీ ఉండదు. ఊళ్లో పిల్లలందరూ నాయనమ్మల ఇళ్లకూ అమ్మమ్మల ఇళ్లకూ వెళ్లే వేసవిలో, సంక్రాంతికి, దసరాకు కోర్టు మూసి ఉంటుంది కాబట్టి, సరిగ్గా ఆ రోజుల్లోనే మా పాపలాంటి పిల్లలకు తండ్రి దర్శనం లేకుండా పోతుంది. రెండేళ్ల బిడ్డకు పక్షం రోజులకోసారి రెండు గంటలు ఇవ్వడం కన్నా, వారానికి మూడుసార్లు ముప్పావు గంట చొప్పున, ఎరిగిన చోట, నిద్రకూ తిండికీ అడ్డురాని వేళలో ఇవ్వడం మేలని బాలవాడి ఆయాలను అడిగినా చెబుతారు. అలవాటు పడేకొద్దీ ఒక పూటకు, తర్వాత ఒక రోజుకు, ఆ తర్వాత ఒక రాత్రికి పెంచుకుంటూ పోవచ్చు. ఆ మెట్లన్నీ మొదటి ఉత్తర్వులోనే రాసి ఉంటే, ప్రతి మెట్టుకూ కొత్త ఐఏ, కొత్త కౌంటరు, కొత్త కక్ష అవసరం ఉండదు.

సర్వోన్నత న్యాయస్థానం ఈ కోణంలో చూసిన సందర్భాలు ఉన్నాయి. 2024 డిసెంబరులో తమిళనాడు నుంచి వచ్చిన ఒక కేసులో రెండేళ్ల పాప తల్లితో మదురైలో ఉంటోంది. తండ్రిది కరూర్. ప్రతి ఆదివారం పాపను కరూర్ తీసుకువెళ్లి తండ్రికి చూపించాలన్న ఏర్పాటు ఉండేది. ఒకవైపే సుమారు 150 కిలోమీటర్లు. తల్లిదండ్రుల హక్కులు తేల్చే క్రమంలో బిడ్డ ఆరోగ్యం దెబ్బతినకూడదని చెప్పి, తండ్రే మదురై వచ్చి చూసేలా కోర్టు ఆ ఏర్పాటును మార్చింది. తల్లి కొద్ది అడుగుల దూరంలో ఉండవచ్చని కూడా చెప్పింది. తండ్రి చూసే హక్కు చెక్కుచెదరలేదు, ప్రయాణం బాధ మాత్రం బిడ్డ మీద నుంచి పెద్దవాడి మీదికి మారింది. 2025లో కేరళ కేసు ఇంకొకటి. సింగపూర్‌లో ఉద్యోగం చేసే తండ్రికి నెలలో పదిహేను రోజులు ఎనిమిదేళ్ల కూతురును తన దగ్గర ఉంచుకునే వీలు హైకోర్టు కల్పించింది. ఆ పదిహేను రోజులూ పిల్లకు ఇంటి వంట లేదని, తండ్రి తప్ప మరో తోడు లేదని, మూడేళ్ల తమ్ముడికి కూడా దూరంగా ఉండవలసి వస్తోందని గమనించి సుప్రీంకోర్టు దాన్ని రద్దు చేసింది. రోజులను చెరిసగం పంచడమే న్యాయమని వాదించేవారు ఈ తీర్పును ఒకసారి శ్రద్ధగా చదవాలి. నేను గడువు కోరుతున్నాను తప్ప సగం సగం పంపకం కోరడం లేదు. నా ప్రశ్నలు చిన్నవి. బిడ్డ ఆ పూట ఏం తింటుంది, ఎక్కడ పడుకుంటుంది, ఎవరితో ఆడుకుంటుంది? ఉత్తర్వు రాసే ముందు ఇవి అడిగితే చాలు.

ఐదేళ్ల నిబంధన గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే దాని చుట్టూ మన ఇళ్లలో ఉన్నన్ని అపోహలు ఇంకెక్కడా లేవు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 6వ సెక్షన్ ప్రకారం ఐదేళ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి సంరక్షణలో ఉండాలి. 2015లో గోవా నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు దీన్ని మరింత గట్టిగా చెప్పింది. తల్లి తగినది కాదని నిరూపించే భారం తండ్రి మీదే ఉంటుందంది. మంచిదే. అయితే మా పెద్దలు దీన్ని విని, ఐదేళ్ల దాకా తండ్రికి పిల్లతో సంబంధం లేదని చట్టమే చెబుతోందని తీర్మానించేశారు. అటువైపు పెద్దలేమో, ఐదో పుట్టినరోజు మర్నాడే పిల్లను తెచ్చేసుకోవచ్చని నమ్మారు. ఆ మాట ఎవరో మోసుకొచ్చి చెబితే మా అమ్మాయి నెల రోజులు సరిగా నిద్రపోలేదు. రెండూ తప్పే. అదే చట్టంలో 13వ సెక్షన్ బిడ్డ సంక్షేమమే అన్నింటికన్నా ముఖ్యమని చెబుతోంది, ఆ మాటకు వయసు పరిమితి లేదు. కౌన్సెలర్లు మొదటి సిట్టింగులోనే ఈ సంగతి రెండు కుటుంబాలకూ తెలుగులో, నెమ్మదిగా, పెద్దవాళ్లను కూడా కూర్చోబెట్టి చెబితే సగం భయాలు అక్కడే తగ్గుతాయి.

బిడ్డను చూపించడానికి వెనకాడే తల్లులందరూ పంతం మీద ఉన్నారనుకోవడం అన్యాయం. దెబ్బలు తిన్న ఆడపిల్లలు ఉన్నారు. తాగి వచ్చే మనిషి చేతిలో బిడ్డను పెట్టాలంటే ఏ తల్లికైనా గుండె జారుతుంది. గృహహింస నుంచి రక్షణ కల్పించే 2005 చట్టం 21వ సెక్షన్ కింద, కలవడం వల్ల బిడ్డకు హాని ఉందనుకుంటే అనుమతి నిరాకరించే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది, ఉండి తీరాలి. అలాంటి కేసుల్లో పర్యవేక్షణ లేకుండా ఒక్క నిమిషం కూడా ఇవ్వకూడదని నేనూ అంటాను. ఆ ఆరోపణలో నిజం ఎంతో తేలడానికైనా తొందర అవసరమే కదా. నిజమైతే తల్లీబిడ్డలకు భరోసా దొరుకుతుంది, కాకపోతే తండ్రీబిడ్డలకు నెలలు మిగులుతాయి. వైద్యులనూ, కుటుంబ సంక్షేమం కోసం పనిచేసేవారినీ సహాయానికి పిలుచుకోవచ్చని కుటుంబ న్యాయస్థానాల చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. మా కేసులో అలాంటివారు ఒక్కసారి ఇంటికి వచ్చి పాపను చూసి ఉంటే, పన్నెండు నెలల కౌంటర్లు చెప్పలేనిది ఒక పూటలో చెప్పేవారు.

డబ్బు ఇవ్వలేదు కాబట్టి పిల్లను చూపించం, పిల్లను చూపించలేదు కాబట్టి డబ్బు ఇవ్వం అనే బేరం మాత్రం ఎవరు చేసినా తప్పు. మేమూ ఒక రెండు నెలలు చేశాం. పోషణ బిడ్డది, చూపు కూడా బిడ్డదే. ఒకటి ఆగిందని రెండోది ఆపితే, రెండుసార్లూ నష్టపోయేది ఆ బిడ్డే.

దూర దేశాల్లో ఉన్నవారి సంగతి మరింత కష్టం. తల్లో తండ్రో అమెరికాలో ఉండి, బిడ్డ ఇక్కడ తాతయ్య, అమ్మమ్మల దగ్గరో నాయనమ్మల దగ్గరో పెరుగుతున్న ఇళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ తక్కువేమీ కాదు. పిల్లల అపహరణ మీద 1980లో కుదిరిన హేగ్ ఒప్పందంలో మన దేశం చేరలేదు, అక్కడి కోర్టు ఉత్తర్వు కూడా ఇక్కడ దానంతట అది అమలు కాదు. ఆ పెద్ద వ్యాజ్యాలు తేలేలోగా బిడ్డకు అవతలి గొంతు వినపడాలి కదా. అమెరికా నుంచి వచ్చిన ఒక దంపతుల కేసులో 2020 జనవరిలో తీర్పు ఇస్తూ, పసిబిడ్డకు తల్లిదండ్రులిద్దరి ప్రేమా సాహచర్యమూ మౌలికమైన మానవ హక్కు అని సుప్రీంకోర్టు అంది. ముఖాముఖి కలిసే వీలు లేనప్పుడు రోజూ అయిదు పది నిమిషాలైనా వీడియో కాల్‌లో మాట్లాడించాలని కూడా సూచించింది. మా వీధిలో ఒక బాబు ఉదయం ఏడింటికి బూస్టు తాగుతూ టెక్సాస్‌లో ఉన్న తండ్రితో మాట్లాడతాడు. అక్కడ అప్పుడు ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. ఆ పది నిమిషాలకు ఫీజు లేదు, ప్రయాణం లేదు, పోలీసు లేడు. మొదటి వాయిదా రోజునే, కౌంటరు కోసం ఆగకుండా, ఇరువైపులకూ అభ్యంతరం లేని కేసుల్లో కనీసం ఈపాటి ఉత్తర్వు ఇస్తే ఏ బిడ్డా కన్నతండ్రిని అంకుల్ అని పిలవదు.

జస్టిస్ ఎ.పి. షా అధ్యక్షతన న్యాయ కమిషన్ 2015 మేలో ఇచ్చిన 257వ నివేదిక, సంరక్షణ చట్టాల్లో మార్పులు సూచిస్తూ, తల్లిదండ్రులు బిడ్డ సమయాన్ని ఎలా పంచుకోవాలో రాతపూర్వకమైన ప్రణాళిక ఉండాలని చెప్పింది. పండుగలు, సెలవులు, బడి, వైద్యం అన్నీ ముందే రాసుకోవాలన్నది దాని సారాంశం. చట్టం మారేదాకా ఆగనవసరం లేదని నాకు అనిపిస్తుంది. కుటుంబ న్యాయస్థానాల చట్టం 21వ సెక్షన్ హైకోర్టులకు నియమాలు చేసుకునే అధికారం ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హైకోర్టులు ఐదేళ్లలోపు బిడ్డను చూసే దరఖాస్తును నోటీసు అందిన 60 రోజుల్లో తేల్చాలని, కౌంటరుకు ఒక్క వాయిదాకు మించి ఇవ్వరాదని, జడ్జిగారి కుర్చీ ఖాళీగా ఉంటే ఇన్‌చార్జి జడ్జిగారు వీటిని అత్యవసరమైనవిగానే వినాలని నియమం పెడితే, కనీసం ఈ ఒక్క విషయంలో పిల్లలకు ఊరట దొరుకుతుంది. ఉత్తర్వులోనే మరుసటి సమీక్ష తేదీ కూడా రాయాలి. రెండేళ్ల బిడ్డకు కుట్టిన గౌను ఐదేళ్లు వచ్చాక తొడగలేం.

మా విషయానికి వస్తే, కోర్టు గదిలో ఏడు శనివారాలు గడిచాక, ఒకరోజు నేనూ మా వియ్యంకుడు గారూ ఆ వరండా బెంచీ మీదే పక్కపక్కన కూర్చుని మాట్లాడుకున్నాం. తర్వాత ఇద్దరు అడ్వకేట్లూ కలిసి, మా ఒప్పందాన్ని తెలుపుతూ కోర్టులో మెమో వేశారు. కలిసే చోటు మా ఇంటికి దగ్గరలోని మున్సిపల్ పార్కుకు, వేళ ఉదయానికి, రోజులు వారానికి రెండుకూ మారాయి. మొదట నేను ఉయ్యాల పక్కనే నిలబడేవాణ్ణి, తర్వాత గేటు దగ్గర, ఆ తర్వాత పార్కు ఎదురు టీ కొట్టు దగ్గర. పోయిన సంక్రాంతికి పాప మొదటిసారి నాయనమ్మ ఇంట్లో ఒక రాత్రి పడుకుంది. ఆ రాత్రి మా అమ్మాయి ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చుంది, కానీ ఒక్కసారి కూడా చేయలేదు. విడాకుల కేసు ఇంకా నడుస్తూనే ఉంది. పాపకు జూన్‌లో ఐదేళ్లు నిండుతాయి, ఒకటో తరగతిలో చేర్పించాలి. బడి సెలవులకు తగినట్టు రోజులను మార్చమని ఇద్దరూ కలిసి వేసిన దరఖాస్తు వచ్చే నెలకు వాయిదా పడింది.

పాప భవిష్యత్తు దృష్ట్యా నా పేరు, ఊరు ప్రచురించవద్దని మనవి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు